ఉభయ కుక్కర్ల ఉలవ సంగ్రామం

ఎక్కడో పడమటి కొండల్లో పుట్టి, రాళ్లనూ రప్పలనూ ఒరుసుకుంటూ వచ్చి వచ్చి, ఇక ఓపిక లేక పాయలుగా చీలి కృష్ణవేణి సముద్రంలో చేరగిలబడే పుణ్యభూమిలో. ఉప్పుగాలికి కిటికీ ఊచలూ, గేటు గొళ్లేలూ, స్కూటర్ సైలెన్సర్లూ ఏ పక్షపాతమూ లేకుండా సమానంగా తుప్పుపట్టే మచిలీపట్టణ మహానగరంలో. సెల్‌ఫోను ఇటుక పరిమాణం నుంచి సబ్బుబిళ్ల పరిమాణానికి దిగివచ్చినా, కరెంటు మాత్రం రాకపోకలు తన సొంత వ్యవహారమన్నట్టు ప్రవర్తిస్తున్న రెండువేల మూడో సంవత్సర మాఘమాసాన, ఒకానొక రెండో శనివారం ప్రాతఃకాలంలో, ఈడేపల్లిలోని ఒక పెంకుటింటి వంటగదిలో, రెండు స్లో కుక్కర్ల మధ్య భీకర సంగ్రామం మొదలైంది.

ఓ వాగ్దేవీ! వచ్చి నా నాలుక మీద కూర్చోమని నిన్ను అడగను. అక్కడ ఆనాటి ఉలవచారు ఘాటు ఇంకా ఉంది, నీ తెల్లచీర పాడవుతుంది. పక్కనే పీట వేస్తాను. ఆ వంటగది గట్టుమీద జరిగిన ఘోరాలను తప్పుల్లేకుండా చెప్పించు చాలు.

స్లో కుక్కరనగా నేమి? పింగాణీ కుండ, దాని చుట్టూ కరెంటు తొడుగు, పైన గాజుమూత. పొద్దున్న గింజలూ నీళ్లూ పోసి, ప్లగ్గు పెట్టి, దాని మొహం చూడకుండా వెళ్లిపోతే సాయంత్రానికి తనంతట తాను వండి పెట్టే యంత్రం. మనిషి చెయ్యవలసిన పని ఏదీ లేకపోవడమే దాని మహిమ. అందుకే కాబోలు, మగవాళ్లకు అది వెంటనే నచ్చింది.

మొదటి వీరుడు పురుషోత్తం. దుమ్ముపట్టిన దస్త్రాల మధ్య సింహంలా తిరుగాడే సీనియర్ అసిస్టెంటు, జిల్లా ఉద్యోగుల నాటక సమాజంలో కిరీటం దొరికిన ప్రతిసారీ రాజు. బెజవాడ ఎగ్జిబిషన్‌లో కొన్న కోడిగుడ్డు ఆకారపు కుక్కరు ఆయన ఆయుధం. రెండో వీరుడు ఆయన చెల్లెలి భర్త కాంతారావు. గుడివాడలో లెక్కల మాస్టారు, అదే నాటక సమాజంలో శత్రురాజు. మద్రాసునుంచి తెప్పించుకున్న గుండ్రటి కుక్కరు ఆయన ఆయుధం. ఏది గొప్పదో తేల్చుకోవాలని ఇద్దరూ ఫోనులో ఎంతో కాలంగా కత్తులు నూరుకుంటూ ఉండగా, విసిగిపోయిన కాంతారావు భార్య రాజకుమారి భర్తనూ కుక్కరునూ కలిపి బందరు బస్సెక్కించింది.

రంగభూమి మాత్రం వీళ్లిద్దరిదీ కాదు. అది పురుషోత్తం భార్య, జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరరు అయిన ఇందిర వంటగది.

ఆ ఇంట్లో ఆదివారం వచ్చిందంటే ఉలవచారు ఉండి తీరాలి. అది పురుషోత్తం తల్లి మంగతాయారు శాసనం. మొవ్వకి కాపురానికి వెళ్లిన కొత్తలో ఆవిడ పిడకల నిప్పు మీద రోజంతా ఉలవలు ఉడికించి, చారుకి చిక్కటి కట్టు దించిన మనిషి. ప్రెషర్ కుక్కరు పేరెత్తితే, "విజిలేసిన ఉలవలకి కట్టేం దిగుద్దీ, కన్నీళ్లు దిగుతాయి గానీ" అని కొట్టిపారేస్తుంది. అందుచేత ఆదివారం పొద్దుటి నుంచీ గ్యాసు పొయ్యి మీద గిన్నె, గిన్నె ముందు ఇందిర. నీళ్లు ఇగిరితే పొయ్యాలి, తెట్టు కడితే తియ్యాలి, అడుగంటకుండా కలపాలి. పెళ్లయి ఆ ఇంట అడుగుపెట్టింది మొదలు ఇందిర ఏ ఆదివారమూ వేడి కాఫీ తాగి ఎరగదు. గ్లాసు నోటి దాకా వచ్చేసరికి గిన్నె పొంగేది, లేదా "ఇందిరా, నా కళ్లజోడేదీ?" అని హాల్లోంచి కేక వచ్చేది. తిరిగొచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టేది. ఆ మీగడను వేలితో పక్కకి తీసి, చల్లటి కాఫీని మందు మింగినట్టు మింగేసి మళ్లీ గరిటె పట్టుకునేది.

కనక ఈ యుద్ధంలో ఏ కుక్కరు గెలిచినా ఇందిరకు ఒకటే. రెండూ ఓడిపోతే మాత్రం ఆమె ఓడినట్టే. ఓడిన యంత్రాలకు ఆ ఇంట్లో అటకే గతి. కూరగాయలను తరగబోయి వేళ్లను తరిగిన మిషనూ, బత్తాయి రసం కన్నా బత్తాయి చేదు ఎక్కువ దించిన జ్యూసరూ, ఒకే ఒక్క కేకును బొగ్గు చేసి కన్నుమూసిన ఓవెనూ, ఆ ధూళిధూసరిత వీరస్వర్గంలోనే పాత గోనెసంచులు కప్పుకుని శయనించి ఉన్నాయి.

శనివారం తెల్లవారింది. రాత్రంతా నానిన ముదినేపల్లి ఉలవలు రెండు కుండల్లోనూ సమానంగా పడ్డాయి. పురుషోత్తం లుంగీ ఎగ్గట్టి, నాటకాల గొంతు సవరించుకుని గర్జించాడు.

"ఓయీ గుడివాడ వీరా! బస్సు బడలిక తీరకమునుపే బరిలోకి దిగితివా? కనులు విప్పి కాంచుము! నాది అండాకారము! సమస్త సృష్టికిని మూలమైన ఆకారము! వేడి నలుదిక్కుల నుండియు చుట్టుముట్టి ఉలవను ఊపిరాడనీయదు. నీ గుండ్రని డబ్బా దీని ముందు ఏపాటి?"

"చాలించు బావా, చాలించు!" అని కాంతారావు భుజం మీది తువ్వాలు విదిలించాడు. "నా యంత్రమునకు ఎర్రదీపము కలదు! నీదానికి దీపమేదీ? అది ఉడుకుచున్నదో, ఊరక కూర్చున్నదో నీకు తెలియుటెట్లు? నీ ఆఫీసులో ఫైలువలెనే కదా!"

దీపం దెబ్బ గట్టిదే. పురుషోత్తం రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమండీ," అంది ఇందిర, "ఇంకా ప్లగ్గులు పెట్టలేదు."

ప్లగ్గులు పెట్టారు. ఆ తరవాత కుక్కర్లతో వచ్చిన చిన్న పుస్తకాలను ఇద్దరూ పోటాపోటీగా, సాభినయంగా, ఆఖరి పేజీ దాకా చదివారు. ఆఖరి పేజీలో రెండింట్లోనూ పెద్ద అక్షరాల్లో ఒకే మాట ఉంది: వండేటప్పుడు మూత తీయరాదు. తీస్తే లోపలి వేడంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. ఈ వాక్యాన్ని కాంతారావు రెండుసార్లు చదివాడు. పురుషోత్తం తల పంకించాడు. చదవడం అయిపోయింది గనక ఇద్దరూ వెళ్లి మూతలు తీసి చూశారు.

వాళ్లనే అనుకుని ఏం లాభం? మూత పెట్టిన గిన్నె పక్కనుంచి వెళ్తూ మూత ఎత్తి వాసన చూడకపోవడం ఆ వంశంలో లేదు. తాతలనాటి నుంచీ వస్తున్న ఆచారం. పైగా గాజుమూతకు ఆవిరి పట్టి లోపల ఏమీ కనబడదు. కనబడనిదాన్ని చూడకుండా ఉండగలిగిన మనిషి బందరులో ఇంకా పుట్టలేదు. పురుషోత్తం ఉడికాయో లేదోనని తీశాడు. తన కుక్కరు మూత కూడా పురుషోత్తం తీశాడేమోనని కాంతారావు తీశాడు. ఇద్దరూ సరిగ్గా పెట్టారో లేదోనని మంగతాయారు తీసింది. పేపరు కోసం వచ్చిన పక్కింటి సత్యానందం గారు, ఎవరూ అడక్కుండానే, రెండు మూతలూ తీసి, "ఇంకా కాలేదండీ" అని తీర్పు చెప్పి పేపరు పట్టుకుని వెళ్లిపోయారు. తీసిన ప్రతిసారీ ఆవిరి భగ్గున పైకి లేచి ఆ తీసినవాళ్ల కళ్లజోళ్లను మాత్రం చక్కగా ఉడికించింది.

సాయంత్రం మంగతాయారు న్యాయపీఠమెక్కింది. ఉలవ ఉడికిందా లేదా అని చెప్పడానికి ఆవిడకు బొటనవేలూ చూపుడువేలూ చాలు. వాటి మధ్య పెట్టి నొక్కితే మెత్తగా నలగాలి. పురుషోత్తం కుండలోంచి ఒక గింజ తీసి నొక్కింది. అది నలగలేదు సరికదా, విల్లు విడిచిన బాణంలా ఎగిరివెళ్లి కాంతారావు కళ్లజోడుకు టప్పున తగిలింది. కాంతారావు గింజ పురుషోత్తం గడ్డానికి తగిలింది. అస్త్రానికి అస్త్రం చెల్లయింది గానీ ఆ పూట చారు లేదు.

"చాల్లే నాయనా మీ వైభోగం," అంది మంగతాయారు. "రేపొక్కరోజు చూస్తా. రేపూ ఇలాగే గోళీకాయల్లా మిగిలాయనుకో, రెంటినీ అటకెక్కించెయ్యండి. ఎప్పట్లాగే ఇందిర గ్యాసు మీద పెట్టుకుంటుంది."

వీరులిద్దరూ తల దించుకున్నారు. ఆ మాట గుచ్చుకుంది మాత్రం ఇందిరకు. పెట్టుకుంటుందట! తనకేదో సరదా అయినట్టు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, మొగుడి మీద కూడా కాదు. ఆ మూతల మీద.

ఆదివారం ఉదయం, కొత్త ఉలవలు కుండల్లో పడగానే, ఆ మహావ్యూహకర్త్రి పని మొదలుపెట్టింది. ముందు భర్తను పక్కకు పిలిచింది.

"ఏమండీ, నిన్న అన్నయ్యగారు మీ మూత ఎన్నిసార్లు తీశారో చూశారా? ఇవాళ ఆయన్ని వరండా దాటనివ్వకండి. మీరు పక్కనే ఉండి కనిపెట్టాలి."

"నేననుకుంటూనే ఉన్నా!" అన్నాడు పురుషోత్తం పళ్లు నూరుతూ.

తరవాత కాంతారావు దగ్గరకు వెళ్లింది.

"అన్నయ్యగారూ, మీరు మంచివారు గనక ఊరుకున్నారు. మా ఆయన చెయ్యి ఊరికే ఉండదండీ. మీరు కాస్త వరండాలో కూర్చోబెట్టి కబుర్లు చెబుతూ ఉంటే సరి."

"అంతేనంటావామ్మా?" అని కాంతారావు అప్పటికప్పుడు వరండాలోకి కుర్చీ లాగాడు.

చివరికి అత్తగారి దగ్గరకు వచ్చింది.

"అత్తయ్యా, వీళ్లిద్దర్నీ నమ్మలేం. మీరు వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటే గానీ లాభం లేదు."

"నేనుండగా ఎవడొస్తాడే?" అని ఆవిడ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేయించుకుని, విసనకర్ర చేతబట్టి, వంటింటికి వీపు పెట్టి, వరండాకేసి మొహం పెట్టి కూర్చుంది. ఈ విధంగా దొంగలందరూ ఒకరికొకరు పోలీసులైపోయారు.

ఇందిర వంటింట్లోకి వచ్చి నిలబడింది. కుక్కర్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి. పొయ్యి మీద గిన్నె లేదు. చేతిలో గరిటె లేదు. చెయ్యడానికి పనంటూ ఏదీ లేదు. ఆమెకు కాసేపు భయం వేసింది, ఏదో మర్చిపోయానేమోనని. అలవాటుగా చెయ్యి గాజుమూత మీదికి వెళ్లబోయింది కూడా. దాన్ని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాగేసుకుంది. ఆపైన గూట్లో ఉన్న ఫిల్టరు వంక చూసింది. డికాషను దిగి ఉంది.

పాలు పొయ్యి మీద పెట్టిన క్షణానే కరెంటు పోయింది. వరండాలో ఫ్యాను ఆగింది. కాంతారావు కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"బావా, కరెంటు పోయింది! చల్లారిపోతాయి! ఒక్కసారి చూసొస్తా."

"కూర్చో. నువ్వెళ్తే నేనూ వస్తా."

"నువ్వొచ్చేట్టయితే నేను వెళ్లను."

"అయితే కూర్చో మరి."

"ముందు నువ్వు కూర్చో."

ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, ఎవరు ఎవర్ని ఆపుతున్నారో ఎవరు ఎవర్ని లాగుతున్నారో తెలియని ఘోర ద్వంద్వయుద్ధంలో, ఇద్దరూ కలిసి గుమ్మం దాకా వచ్చేశారు. మంగతాయారు విసనకర్ర పైకెత్తింది.

"అల్లుడుగారని కూడా చూడను నాయనా. వెళ్లి కూర్చోండి."

ఉభయ సేనలూ వెనుదిరిగాయి. కానీ సేనలను గెలిచిన సేనానికి లోపల దురద మొదలైంది. తాతలనాటి ఆచారం ఆవిడకూ ఉంది కదా. తల తిప్పకుండానే లోపలికి కేకేసింది.

"ఇందిరా, వాసనేమన్నా వస్తోందటే?"

లోపల ఇందిర కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసు మీద నురగ, నురగ మీద పొగ. గ్లాసు ఎంత వేడిగా ఉందంటే పైటచెంగుతో పట్టుకోవలసి వచ్చింది.

"మంచి వాసనొస్తోందత్తయ్యా!" అంది ఇందిర.

"ఇందిరా! మూత తీశావా?" వరండాలోంచి పురుషోత్తం.

"లేదండీ!"

పీట మీదనుంచి లేవకుండానే అంది. మందపాటి పింగాణీ కుండలు, మూత తీసే దిక్కు లేక, తమ వేడిని తమలోనే దాచుకుని నిమ్మళంగా ఉడికిస్తున్నాయి. ఇందిర మొదటి గుక్క తాగింది. నాలుక చుర్రుమంది. ఊదుకుని తాగాలన్న సంగతే ఆమె మర్చిపోయింది మరి, ఇన్నేళ్లుగా ఆ అవసరం రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాలినందుకు కొంత, సంతోషానికి చాలా. రెండో గుక్క కూడా ఊదకుండానే తాగింది. ఆఖరి చుక్క దాకా అది వేడిగానే ఉంది.

కరెంటు వచ్చింది. సాయంత్రమూ వచ్చింది. మంగతాయారు మళ్లీ న్యాయపీఠమెక్కి, ఈ కుండలోంచి ఒకటి, ఆ కుండలోంచి ఒకటి ఉలవ తీసి నొక్కింది. రెండూ వెన్నలా నలిగాయి. వేలు నాకి చూసుకుని, లోకానికి ఎంతమాత్రం పనికిరాని తీర్పొకటి ప్రకటించింది.

"రెండూ ఒకటే."

"ఒకటే ఎలా అవుతాయమ్మా!" అని పురుషోత్తం నెత్తి బాదుకున్నాడు. "నాది అండాకారం!"

"దీపానికి విలువే లేదా అత్తయ్యగారూ!" అని కాంతారావు వాపోయాడు.

ఇందిర కట్టు వంచి, చింతపండు పులుసు పోసి, ఎండుమిరపకాయల తాలింపు పెట్టి దించింది. అటక ఎక్కవలసిన కుక్కర్లు గట్టు మీదే ఉండిపోయాయి. అందరి విస్తళ్లలోనూ వేడన్నం మీద చిక్కటి చారు, చారు మీద మీగడ. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

"ఇందిరా, నువ్వు చదువుకున్నదానివి, నిష్పక్షపాతంగా చెప్పు," అన్నాడు పురుషోత్తం. "ఎవరిది బాగుంది?"

ఇందిర ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. కాలిన నాలుకకు అతనిదీ తెలియలేదు, ఇతనిదీ తెలియలేదు. పులుపు తెలియలేదు, కారం తెలియలేదు. తరతరాల ఉలవచారు రుచి ఆవగింజంతైనా తెలియలేదు. ఆ మొద్దుబారిన నాలుకను ఒకసారి పళ్ల మీద తిప్పుకుని, కాఫీని తలుచుకుని, తనలో తాను నవ్వుకుంది.

"ఒక్క ఆదివారంలో ఏం తేలుతుందండీ," అంది. "అన్నయ్యగారు వచ్చేవారం కూడా రావాలి. వరండా కుర్చీలు అక్కడే ఉంచేస్తా."

కాబట్టి అష్టదిక్కులారా, చెవులు రిక్కించి వినండి! సింహాసనాలు కూలలేదు, కోటలు పడలేదు. అండాకారం గెలవలేదు, ఎర్రదీపమూ గెలవలేదు. మచిలీపట్టణ మహానగరంలో, నాలుక మీద యుద్ధగాయంతో, ఇందిర ఒక గ్లాసు కాఫీ వేడిగా తాగింది.