తాటాకు విచారణ

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మృగశిర కార్తెలోపు ఈ తాలూకాలో నెత్తిన కప్పు లేని మనిషి ఒక్కడూ ఉండరాదు" అని తాసీల్దారు జగన్నాథరావు పంతులుగారు టముకు వేయించారు. అంత గట్టి ఆర్డరు మా ఊరు ఎన్నడూ వినలేదు.

సంగతేమంటే, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్నారు. అక్కడి కూలీల పాకలకని మా తాటాకంతా తరలిపోయింది. నిరుడు అర్ధరూపాయికి వచ్చిన బండెడాకు ఈ ఏడు మూడు రూపాయలు. వేసవిలో పాక కాలిపోయిన ముసలయ్యకు గోడలే మిగిలాయి. కోడలికి నెలలు నిండుతున్నాయి.

పంతులుగారు ఊరుకోలేదు. బండెడాకు ముప్పావలాకు మించి అమ్మరాదన్నారు. మర్నాటినుంచి ఏ రేటుకీ ఆకు కనబడలేదు. ధర అదుపులోకి వచ్చిందని పైకి రిపోర్టు వెళ్లింది.

ముసలయ్య పుంతదారి గట్టున తాడిచెట్లెక్కి, మట్టా మట్టా కోసి, నెల్లాళ్లకి బండెడాకు పోగేశాడు. ఇంతలో ఆకు కొరత మీద విచారణకు పంతులుగారే కేంపు వస్తున్నారని కబురు. కేంపంటే పందిరి ఉండాలి. మునసబు వీరాస్వామిగారు వచ్చి ముసలయ్య వాకిట్లో నిలబడ్డారు.

"ఆకు తియ్యరా."

"కోడలికి ఇయ్యాలో రేపోనండి బాబూ. వానలో పురుడు పొయ్యమంటారాండి?"

"నీ కొరత తేల్చడానికే కదరా ఆయనొస్తున్నది! ఎండలో కూచుని తేలుస్తారా?"

ముసలయ్య ఆకు తియ్యబోయాడు. అతని పెళ్లాం సూరమ్మ మాత్రం ఊరుకోలేదు.

"తేల్చాక మా ఆకు మాకిచ్చేత్తారాండి?"

"విచారణయ్యాక నీ ఆకు ఎవడిక్కావాలే!"

పందిరి దివ్యంగా కుదిరింది. ఊరందర్నీ దానికింద కూచోబెట్టారు. పంతులుగారు తలలు లెక్కపెట్టించి, "కప్పు లేనివాడెవడయ్యా?" అన్నారు.

ముసలయ్య లేచాడు.

"నీ నెత్తినున్నదేమిటి?"

"ఆకండి."

"ఎవరిది?"

"నాదేనండి."

"రాసుకోండి, సొంత కప్పు" అన్నారు గుమాస్తాతో.

సాయంత్రం పందిరి విప్పి బండికెత్తారు. బుధవారం పక్క ఊళ్లో విచారణట, అక్కడా ఆకు లేదట. ముసలయ్య కోడల్ని ఆ ఆకు మీదే కూచోబెట్టి, తనూ సూరమ్మా బండి వెనకాల నడిచారు.

బుధవారం అక్కడి పందిట్లోనే కోడలికి మగపిల్లాడు పుట్టాడు. పంతులుగారు ఎంతో సంతోషించి, స్వయంగా కలం తీసుకుని, ఆ ఊరి లెక్కలో కప్పుగలవాణ్ణి ఇంకొకణ్ణి చేర్చారు.