నాలుగు పుస్తకాలు, హల్వాలో మందు

సాయంత్రం ఐదు గంటలకల్లా నాలుగు పుస్తకాలు పూర్తి చేసెయ్యాలని ఉమామహేష్ పొద్దున్నే పళ్లు తోముకుంటూ నిర్ణయించుకున్నాడు. గ్రంథాలయ వారోత్సవాలకి అదే ఆఖరి రోజు. చోడవరం శాఖా గ్రంథాలయంలో సభ పెట్టి ఆయనకి ‘ఉత్తమ పాఠకుడు’ అని శాలువా కప్పబోతున్నారు. శాలువాతో మైకు ముందు నిలబడి, “ఈ ఒక్కరోజే నాలుగు పుస్తకాలు ముగించి వచ్చాను” అనాలని ఆయనకి నెల రోజులుగా కోరిక. ఆ మాట అనడానికి తెల్ల చొక్కా కూడా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఒక్కసారికి ఒక్క పుస్తకమే చదివేవాళ్లని చూస్తే ఆయనకి జాలి. ఆయన చెవిలో ఒకటి, ఫోనులో ఒకటి, చేతిలో ఒకటి, ఆఫీసు కంప్యూటర్లో ఒకటి నడుస్తూ ఉంటాయి. ప్రస్తుతం చెవిలో జమీందారీ నేరకథ, ఫోనులో ఓడ కెప్టెన్ నవల, చేతిలో దిండంత రాజవంశాల చరిత్ర, కంప్యూటర్లో తేనెటీగల పెంపకం ఉన్నాయి. నెల రోజులైనా ఏదీ పావు వంతు దాటలేదు. నాలుగు పావులు కలిపితే ఒక పుస్తకం అయినట్టే కదా అని ఆయన ధీమా.

గ్రంథాలయం నుంచి పుస్తకాలు తేవడం ఆయన వంతు, గడువు దాటాక తిరిగి ఇచ్చి రావడం భార్య కనకదుర్గ వంతు. ఆడియో పెట్టుకుని వాలుకుర్చీలో కూర్చుంటే ఐదు నిమిషాల్లో ఆయనకి గురక వస్తుంది. ఫోను మాత్రం పాపం చదువుతూనే ఉంటుంది. లేచాక ఎక్కడ నిద్రపోయాడో అక్కడికి కథని వెనక్కి జరుపుకుంటాడు.

“ఒకటి పూర్తయ్యేక ఇంకోటి మొదలెట్టొచ్చు కదేటండీ” అంది కనకదుర్గ ఆ పొద్దున్న కూడా, కాఫీ గ్లాసు అందిస్తూ.

“నీకు తెల్దులే. దీన్ని మల్టీ రీడింగంటారు” అన్నాడు ఉమామహేష్. ఆవిడ నవ్వాపుకుని లోపలికి వెళ్లిపోయింది.

సభకి ప్రచారం చేసే బాధ్యత పరదేశి ఆటోది. ప్రచారం ఉమామహేష్ సొంత గొంతుతోనే రికార్డయింది. అది ఎలా వచ్చిందో వినాలని ముందురోజు తన ఫోనుని ఆటోలోని సౌండుబాక్సుకి బ్లూటూత్‌తో కలిపి, మూడుసార్లు విని మురిసిపోయి, ఆ తరవాతే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. చివర్లో, “వచ్చిన ప్రతి ఒక్కరికీ మాడుగుల హల్వా పెట్టబడును” అన్న మాట కూడా ఆయన చేర్చిందే. హల్వా లేకపోతే పుస్తకాల సభకి పదకొండు మందికి మించి రారని ఆయనకి అనుభవం.

తొమ్మిదిన్నరకి ఆటో వీధిలోకి వచ్చింది. తన గొంతు ఊరంతా వింటుంటే పక్కనే ఉండాలనిపించి, ఆఫీసు దాకా దింపమని ఉమామహేష్ ఎక్కి కూర్చున్నాడు. చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని నేరకథ నొక్కి, ఒళ్లో రాజవంశాలు తెరిచాడు. ఫోను మాత్రం ఇయర్‌బడ్స్‌ని పట్టించుకోకుండా, నిన్న పరిచయమైన సౌండుబాక్సునే పట్టుకుంది. హల్వా పెట్టబడును అన్న మాట పూర్తవగానే మైకు గంభీరంగా అందుకుంది: “ఆ మిఠాయిలో మందు కలిపించాను. తిన్నవాడు ఒక్కడు కూడా మిగలడు.”

ఇవాళ ఇయర్‌బడ్స్‌లో సౌండు అద్భుతంగా వస్తోందని ఉమామహేష్ ముచ్చటపడ్డాడు. పదిహేనేళ్లుగా మైకు కింద బతుకుతున్న పరదేశికి కుడిచెవి వినపడదు, ఎడమచెవితో ఆయన వినడు. ఆటో బజారు దాటి, బస్టాండు చుట్టి, నేరకథలో దివాను కుట్రని వీధివీధికీ వినిపించి ఆయన్ని ఆఫీసు దగ్గర దింపింది. మైకులో ఎవరి గొంతైనా ఒక్కలాగే ఉంటుంది కాబట్టి అదంతా ఉమామహేష్ మాటే అనుకున్నారు జనం.

మందు అన్న మాటతోనే వచ్చింది చిక్కంతా. బజారులో ఆడవాళ్లకి అది చెరుకు చేలో కొట్టే పురుగుమందులా వినపడింది. వాళ్లు పిల్లల్ని ఇళ్లలోకి లాక్కుని పోలీసులకి ఫోన్లు చేశారు. బస్టాండులో మగవాళ్లకి అది ఇంకో మందులా వినపడింది. వాళ్లు కూడా ఫోన్లు చేశారు, బంధువులకి. మధ్యాహ్నానికల్లా దేవరాపల్లి బస్సు, చీడికాడ బస్సు ఎన్నడూ లేనంత సాహిత్యాభిమానంతో కిక్కిరిసి వచ్చాయి.

ఇవేవీ తెలియని ఉమామహేష్ ఆఫీసులో తేనెటీగలకీ ఓడకీ మధ్య తిరుగుతూ కూర్చున్నాడు. మూడింటికి కెప్టెన్ తుఫానులో ఉండగా ఫోను చార్జింగు అయిపోయింది. చార్జరు ఇంట్లో ఉంది. నాలుగున్నరకి తెల్ల చొక్కా నలగకుండా గ్రంథాలయానికి వెళ్లేసరికి గేటు బయట రెండొందల మంది ఉన్నారు. పుస్తకానికి మంచిరోజులు వచ్చాయని కళ్లు చెమర్చి, అందరికీ నమస్కారం పెడుతూ లోపలికి నడిచాడు.

లోపల వేదిక మీద హల్వా డబ్బాలకి ఇద్దరు కానిస్టేబుళ్లు కాపలా ఉన్నారు. పక్కన ఎస్సై హరిబాబు, దిగాలుగా గ్రంథపాలకురాలు ఉష నిలబడి ఉన్నారు. ముందు వరసలో కనకదుర్గ కూర్చుని ఉంది. విషయం తెలిశాక ఉమామహేష్‌కి చొక్కా తడిసిపోయింది. అది ప్రచారం కాదు, ఆడియో పుస్తకం అని పదిసార్లు చెప్పాడు.

“పుస్తకం పేరేటి?” అన్నాడు హరిబాబు.

ఉమామహేష్‌కి పేరు తెలియదు. ఫోనులో బొమ్మ నొక్కడమే గాని పేరెప్పుడూ చదవలేదు. ఆ మాటే చెప్పాడు.

“పోనీ, కలిపిందెవరో సెప్పండి. ఆ మందేటో, తిన్నోళ్లు ఏటయ్యేరో సెప్పండి. నిజంగా పుస్తకమే అయితే కత మీకు తెలుస్తాది గదా. ఉత్తమ పాఠకులంట.”

శాలువా బల్ల మీదే ఉంది. ఉమామహేష్ దానికేసి ఒకసారి చూసి, ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టాడు. జమీందారు ఓడ ఎక్కాడన్నాడు. కాదు, ఎక్కింది రాజుగారన్నాడు. ఓడ మునిగే వేళకి రాణి మిఠాయిలో మందు కలిపిందన్నాడు.

“ఏ రాణి?”

“రాణీ ఈగండి” అన్నాడు ఉమామహేష్, ఇంక ఏమీ తోచక.

జనం గొల్లుమన్నారు. హరిబాబు నవ్వలేదు. జీపు తిప్పమని కానిస్టేబుల్‌కి చెప్పాడు. ఆయన చెయ్యి ఉమామహేష్ భుజం మీద పడేసరికి కనకదుర్గ లేచి నిలబడింది.

“ఆగండి బాబూ. ఈయనకి తెల్దు, నాకు తెలుసు. కలిపించింది దివాను. వంటామె అది ముందే పసిగట్టి విషం సీసా దొడ్లో పారబోసి, అరుగుదల మందు కలిపేసింది. అందరూ తిని సుబ్బరంగా లేచేరు. దివాన్నే పట్టుకెళ్లేరు.”

“మీకెలా తెలుసమ్మా?”

“ఈయన పెట్టుకుని పడుకుంటారు. నేను బట్టలు మడతపెట్టుకుంటా ఇంటాను. ఆ కతే అచ్చుపుస్తకం కూడా ఇంటికి తెచ్చేరు, గుర్తు లేదు ఈయనకి. ఆఖరి దాకా సదివి ఉషగారికి నేనే ఇచ్చొచ్చేను.”

ఆవిడ పేరు చెప్పింది. ఉష బీరువాలోంచి పుస్తకం తీసి చేతికిచ్చింది. హరిబాబు ఆఖరి పేజీ చదివాడు, మళ్లీ ముందుకు వెళ్లి ఇంకో రెండు పేజీలు చదివాడు. తరవాత డబ్బా మూత తీసి ఒక హల్వా ముక్క నోట్లో వేసుకున్నాడు. అరుగుదల మందని చెవిన పడగానే గేటు దగ్గర నూటయాభై మంది తిట్టుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయారు.

“పుస్తకాలు పట్టుకెళ్లినోళ్లకి కాదండీ, సదివినోళ్లకి ఇవ్వాలి” అంది ఉష. ప్రశంసాపత్రంలో ‘పాఠకుడు’ అన్నచోట ‘డు’ కొట్టేసి ‘రాలు’ అని దిద్దింది. కనకదుర్గ వద్దు వద్దంటూనే వేదిక ఎక్కింది. శాలువా కప్పే పని ఉమామహేష్‌కే పడింది. కప్పుతుంటే ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషమేనని అక్కడున్న యాభై మంది అనుకున్నారు. అవమానమేనని ఆయనొక్కడికే తెలుసు.

ఇంటికొచ్చాక గొంతు తగ్గించి, ఓడ కెప్టెన్ చివరికి ఏమయ్యాడని భార్యని అడిగాడు.

“సదూకోండి” అంది కనకదుర్గ, శాలువా మడతపెడుతూ.

ఆ మాట ఆయన మనసుకి గట్టిగానే తగిలింది. మర్నాడు పొద్దున్నే శాలువాకి అంటించిన ధర రాసిన అట్టముక్కని జాగ్రత్తగా ఊడదీసి, అప్పుడే మొదలుపెట్టిన ఐదో పుస్తకంలో పన్నెండో పేజీ దగ్గర గుర్తుగా పెట్టుకున్నాడు.