గుమ్మం ముందు నలభై ఒక్క జతలు

పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు, సంతకం పెడతాడు, వెళ్ళిపోతాడు. ఆ ఉదయం టీచరక్క వేసుకున్న ప్లాను అంతే. పనులకు వెళ్ళే తల్లుల కోసం మహిళా సంఘం నడుపుతున్న శిశు సంరక్షణ కేంద్రానికి ఆమె కార్యదర్శి. సంఘానికీ ప్రభుత్వానికీ మధ్య పని పంపకం ఎప్పుడో జరిగిపోయింది: సంఘం పిల్లల ముక్కులు తుడుస్తుంది, ప్రభుత్వం ఏడాదికోసారి వచ్చి ఆ ముక్కులను లెక్కపెడుతుంది. లెక్క ఇరవైకి తగ్గితే అనుమతి రద్దని టీచరక్క ఆరేళ్ళుగా వింటోంది.

తొమ్మిదిన్నరకు లోపల ఉన్నవాళ్ళు పదిహేడు మంది. ముగ్గురికి జ్వరం.

"రేపట్నుంచి తాళం పడితే నా గతేంటక్కా? వీణ్ణి టికెట్ల సంచిలో వేసుకుని బస్సెక్కలేను కదా," అంది బస్సు కండక్టరు, కొడుకును దింపుతూ. మాట నవ్వుతూనే అంది గానీ గొంతులో నవ్వు లేదు. ఆలస్యాలకు ఆమెకు ఇప్పటికే రెండు మెమోలు ఉన్నాయి. మూడోది వస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఆమె వెళ్ళాక ఆయా మెల్లగా అంది, "తక్కువైంది ముగ్గురే కదమ్మా. మూడు జతల చెప్పులుంటే చాలు."

పాత ఇన్‌స్పెక్టర్ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా గడప దాటలేదు. ఆయనది తెల్ల ప్యాంటు, పిల్లలవి జిగురు చేతులు. గుమ్మం బయట విడిచిన చిన్న చెప్పుల జతలు లెక్కపెట్టి, ఆ అంకె రాసుకుని పోయేవాడు. పిల్లలు కదులుతారు, చెప్పులు కదలవు అనేది ఆయన వాదన.

టీచరక్కకు మనసొప్పలేదు. కానీ కండక్టరు మొహం కళ్ళ ముందు నుంచి కదల్లేదు. పక్కింటి టైలరు దగ్గరికి వెళ్ళి విషయం చెప్పి, మూడు జతలు అడిగింది. టైలరుకు పిల్లలు ఇద్దరే. మూడో జత కోసం టైలరే ఎదురింటికి వెళ్ళింది. అసలు సంగతి చెప్పకూడదు కాబట్టి, "సంఘానికి పిల్లల చెప్పులు కావాలట," అని ఊరుకుంది. ఎదురింటావిడది జాలిగుండె. ఎవరికో పంచడానికి అనుకుని వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. పాతవైనా పరవాలేదనీ, పదిన్నరలోపు ఇవ్వాలనీ తనే గడువు కూడా విధించింది.

టీచరక్క లోపల పిల్లల మొహాలు కడుగుతోంది. బయట ఆయా వచ్చినవన్నీ వరసగా సర్దింది. ఎందుకు ఆపలేదని తర్వాత అడిగితే, "తక్కువైతే కదమ్మా భయం," అంది.

పదకొండుకు వచ్చినాయన కొత్త ఇన్‌స్పెక్టర్. ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులైంది. పాతాయన ఛార్జి అప్పగిస్తూ చెప్పుల లెక్క కూడా అప్పగించాడు. కుర్రాడు వంగి రెండుసార్లు లెక్కపెట్టి, నలభై ఒకటి అని సిరాతో రాసుకున్నాడు. పాపం, శ్రద్ధ గలవాడు. గడప దాటాడు.

"ఏమండీ, పదిహేడు మందే ఉన్నారు?"

"ముగ్గురికి జ్వరమండీ."

"జ్వరం వస్తే చెప్పులు మాత్రం పంపిస్తారా? బయట నలభై ఒక్క జతలున్నాయి. మిగతా ఇరవై నలుగురు ఏరీ?"

టీచరక్క గుమ్మంలోకి వచ్చి చూసింది. మెట్ల కింద దాకా చెప్పులే.

"అవి వేరే పిల్లలవండీ."

"ఆ పిల్లలెక్కడ?"

"ఇక్కడ లేరండీ."

ఇంతకంటే ఘోరమైన జవాబు ఇంకోటి లేదని ఆమెకు అన్నాక తెలిసింది. ఆమె మళ్ళీ నోరు తెరిచేలోపు కుర్రాడు ఫోను చెవిన పెట్టుకున్నాడు.

పావుగంటలో పోలీసు జీపు వచ్చింది. వార్త దానికంటే ముందే ఊరు చుట్టింది. బట్టల ఫ్యాక్టరీలో పని వదిలేసి తల్లులు పరిగెత్తుకొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. కండక్టరు బస్సును ప్రయాణికులతో సహా వీధి మొదట్లో ఆపించి దిగొచ్చింది. కొడుకును చూశాక గానీ ఆమెకు మూడో మెమో గుర్తురాలేదు. గుర్తొచ్చాక అక్కడే మెట్ల మీద కూలబడింది.

టీచరక్క ఇక దాచలేదు. "తప్పు నాదేనండీ. లెక్క కోసం చెప్పులు తెప్పించాను. ఎవరూ తప్పిపోలేదు."

హెడ్ కానిస్టేబులు పెన్ను ఆపాడు. "కేసు రాసేశామమ్మా. కంట్రోల్ రూముకి కూడా చెప్పేశాం. పోయారని రాశాక, దొరికారని రాయడానికి చోటుంది. అసలు పోనే లేదని రాయాలంటే అబద్ధపు ఫిర్యాదవుతుంది. అప్పుడు ఇచ్చినాయన మీద కేసు."

ఇచ్చినాయన గోడ పట్టుకున్నాడు. టీచరక్కను పక్కకు పిలిచి, "అక్కా," అన్నాడు. "ఎలాగైనా ఇరవై నలుగుర్ని చూపించక్కా. నాకు ఉద్యోగం వచ్చిందని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పడం కూడా ఇంకా అవ్వలేదు."

ఆమెకు జాలేసింది. జాలితో పాటు బుర్ర కూడా పనిచేసింది. "మరి మా అనుమతి?"

"దానికేముందక్కా? రిజిస్టర్లో ఇరవై పేర్లుంటే చాలు. హాజరు గురించి నిబంధనలో ఒక్క ముక్క లేదు. నిన్ననే చదివాను."

అన్నేళ్ళలో ఆ నిబంధన చదివిన మొదటి మనిషి అతనే.

చెప్పుల పిల్లలు రెండు వీధుల అవతల బడిలో ఉన్నారు. ఎదురింటావిడ హెడ్‌మిస్ట్రెస్‌కు ఫోను చేసింది. హెడ్ కానిస్టేబులు ముందు సీట్లో కూర్చోగా, ప్రయాణికులు గొణుక్కుంటుండగా, బస్సు బడికి వెళ్ళి వచ్చింది. దిగిన ప్రతి పిల్లవాడినీ గుమ్మం ముందు నిలబెట్టి అడిగారు.

"ఇంతసేపూ ఎక్కడున్నావురా?"

"బళ్ళో."

"ఏం చేశారు నిన్ను?"

"ఎక్కాలు చెప్పించారు."

హెడ్ కానిస్టేబులు అన్నీ రాసుకున్నాడు. లెక్క ఇరవై మూడు దగ్గర ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. కండక్టరు చటుక్కున లేచి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చున్న ముసలావిడతో ఏదో మాట్లాడి, ఆవిడ మనవణ్ణి చంకనేసుకుని దిగింది. "వీడొకడు సార్, ఇరవై నాలుగు."

"వీడెక్కడ దొరికాడు?"

"బస్సులో సార్."

అది మాత్రం నిజమే. హెడ్ కానిస్టేబులు తృప్తిగా గీత గీశాడు. సాయంత్రంలోపు టీచరక్క చేతికి అనుమతి పత్రమూ, కండక్టరు చేతికి పోలీసు పనికి బస్సును వాడుకున్నామనే ఉత్తరమూ వచ్చాయి. కండక్టరు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, టీచరక్క భుజం మీద తల ఆనించి ఏడ్చింది.

తప్పిపోయిన ఇరవై నలుగురు పిల్లలను రెండు గంటల్లో కనిపెట్టినందుకు నెలాఖరున ఆ స్టేషన్‌కు ప్రశంసాపత్రం అందింది.