నాలుగు పళ్ళ నవ్వు

"ఇకమీదట మన దేశానికొచ్చే ప్రతి విదేశీయుడూ నవ్వుతూ రావాలి, నవ్వుతూ ఉండాలి, నవ్వుతూ వెళ్ళిపోవాలి. ముఖ్యంగా వెళ్ళిపోవాలి!" అని విదేశీ సందర్శకుల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లింది. ఆ సభకి ఫోటోలు తీసింది నేనే. కెమెరా మెడకి తగిలించుకుని మరీ చప్పట్లు కొట్టాను. అంతటి మహానుభావుడి గురించి నాలుగు ముక్కలు రాసి పాఠకుల రుణం తీర్చుకుందామని ఇప్పుడు కలం పట్టాను.

ముందు నా సంగతి చెప్పాలి. మన దేశపు వీసా ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఇరవై రెండేళ్ళుగా నాకో ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలు తీస్తాను, దరఖాస్తులు నింపుతాను. నాకు దేశాల పేర్లు చెప్పక్కర్లేదు, ఫోటో సైజు చెబితే చాలు. ఒక దేశానికి చదరంగా కావాలి, ఇంకో దేశానికి రెండు చెవులూ కనపడాలి, మరో దేశానికి కళ్ళజోడు పనికిరాదు. ఈ ప్రపంచంలో దేశాలన్నీ ఒక్కమాట మీద నిలబడిన సంగతి నేను చూసింది ఒక్కటే, ఫోటోలో నవ్వకూడదని.

మంత్రిగారు ఆ ఒక్కమాటనీ చెరిపేశారు. దాని వెనక పెద్ద కథే ఉంది. కిందటేడు ఆయన వీసా నిబంధనల అధ్యయనం కోసం ఒక గొప్ప దేశానికి సకుటుంబంగా వెళ్ళారు. అధ్యయనం విమానాశ్రయంలోనే మొదలైంది. అద్దం వెనక కూర్చున్న ఓ కుర్ర అధికారిణి ఆయన్ని నాలుగు గంటలు నిలబెట్టి, "మీరు తిరిగి మీ దేశం వెళ్తారని నమ్మకమేమిటి?" అని అడిగిందట. "నేను మంత్రిని" అన్నారట ఈయన. "సరే, ఉద్యోగం ఏమైనా ఉందా?" అందట ఆ అమ్మాయి.

ఆయన నిప్పులు చెరుగుతూ తిరిగొచ్చారు. వచ్చీ రాగానే కమిటీ వేశారు. మూడు నెలలు మేధోమథనం చేసి కొత్త ఫోటో సైజు కనిపెట్టారు. వెడల్పు నలభై ఏడు మిల్లీమీటర్లు, పొడవు అరవై మూడు. భూగోళం మీద ఇంకే దేశానికీ ఈ సైజు లేదు. మంత్రిగారి టేబుల్ మీదున్న ఫోటో ఫ్రేము కొలత అదేనని గిట్టనివాళ్ళు అంటారు, మనం నమ్మనక్కర్లేదు. వెనక లేతనీలం తెర, పై వరసలో కనీసం నాలుగు పళ్ళు కనపడే నవ్వు, అరవై మూడు ప్రశ్నల దరఖాస్తు. వచ్చేవాళ్ళు కాదు, వాళ్ళని పిలిచేవాళ్ళే ఇక్కడ అర్జీ పెట్టుకోవాలి.

"వాళ్ళు మనల్ని నవ్వొద్దన్నారు. మనం వాళ్ళని నవ్విస్తాం. ఆత్మగౌరవమంటే ఇదీ!" అన్నారు మంత్రిగారు.

నాకూ ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, నా వ్యాపారం కూడా పుంజుకుంది.

ఇక్కడ నా ఇంటిగొడవ ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మాయి కూతురు చిట్టికి పుట్టుకతో వినపడదు. చెవి వెనక ఎముకలో చిన్న యంత్రం అమర్చే ఆపరేషన్ ఉంది. అది అయిదేళ్ళు నిండేలోపు చేస్తే మాటలొస్తాయని, ఆ తర్వాత చేసినా పెద్దగా ఫలితం ఉండదని డాక్టర్లు తేల్చిచెప్పారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరమ్మ విదేశం నుంచి ఏడాదికోసారి మా పెద్దాసుపత్రికి వచ్చి, వారం రోజులుండి, పిల్లలకి ఉచితంగా చేసి వెళ్తుంది. ఈసారి జాబితాలో చిట్టిది ఏడో పేరు. ఆ వారం దాటిన నాలుగు రోజులకే దానికి అయిదు నిండుతాయి. మా ఇంట్లో అందరం గంపెడాశ పెట్టుకుని కూర్చున్నాం.

ఆసుపత్రి తరఫున డాక్టరమ్మ అర్జీ నేనే దగ్గరుండి నింపాను, నేనే రోడ్డు దాటించి పట్టుకెళ్ళాను. వీసా ఆఫీసులో ఫోటోలు పరిశీలించే ఆఫీసరుకి మా వీధిలో పళ్ళ ఆఫీసరని పేరు. ఆయన బల్లమీద ఎప్పుడూ ఒక భూతద్దం ఉంటుంది. డాక్టరమ్మ ఫోటో మీద దాన్ని అటూ ఇటూ జరిపాడు.

"పళ్ళెన్ని?"

"రెండున్నర సార్."

"రూలెంత?"

"నాలుగు సార్. ఆవిడకి ముఖంలో కుడిపక్క నరం చచ్చుబడిపోయింది. నవ్వితే ఎడమపక్కే నవ్వుతుంది."

"పాపం" అన్నాడు పళ్ళ ఆఫీసరు మనస్ఫూర్తిగా. "ఆ సగం పన్నుని దయతలిచి ఒకటి కింద లెక్కేసినా, ఇంకోటి తగ్గుతోందయ్యా. చేతులు పనిచేస్తాయా?"

"డాక్టరు సార్ ఆవిడ. పిల్లల చెవులు కోస్తుంది."

"అయితే ఇంకేం? వేలితో పెదవి పైకెత్తి పట్టుకోమను."

అరవై ఏళ్ళ మనిషి, ఆవిడ దేశంలో ఆవిడంటే దండాలు పెడతారట. మా పిల్లల కోసం అదీ చేసింది. చూపుడువేలితో పెదవి ఎత్తిపట్టుకుని ఫోటో తీయించుకుని పంపింది. అది చూసి నాకు సిగ్గేసింది. పళ్ళ ఆఫీసరు మాత్రం భూతద్దం దించి తల అడ్డంగా ఊపాడు.

"పళ్ళు నాలుగున్నాయి, కాదనను. కానీ వేలు అడ్డొచ్చింది. ముఖం మీద ఏ వస్తువూ ఉండకూడదు. రూలు పదకొండు."

"వేలు వస్తువెలా అవుతుంది సార్?"

"చేతికున్నంతసేపూ వేలే. ముఖం మీదకొస్తే వస్తువు."

ఇంత లోతైన ఆలోచన మామూలు బుర్రలకి తట్టదు. ఇంటికెళ్ళి మా అమ్మాయికి చెబితే అది తల పట్టుకుంది.

"నాన్నా, పెళ్ళి ఫోటోల్లో నల్లవాళ్ళని తెల్లగా చేస్తావు. బట్టతలకి జుట్టు మొలిపిస్తావు. ఒక్క పన్ను పెట్టలేవూ?"

"వీసా ఫోటో జోలికి పోకూడదే. అది దొంగపని."

"చిట్టి గొంతులోంచి 'అమ్మా' అన్న మాట ఒక్కసారి వింటే చాలు నాకు. ఆ తర్వాత నిన్ను జైల్లో పెట్టినా నేనే క్యారియర్ తెచ్చిపెడతాను."

ఇరవై రెండేళ్ళ వృత్తిలో మొదటిసారి ఆ దొంగపని చేశాను. డాక్టరమ్మ ఎడమపక్క పన్నుకే నకలు తీసి కుడిపక్క అతికించాను. నా చెయ్యి మంచిదని చెప్పుకోకూడదు గానీ, కన్నతల్లి కూడా కనిపెట్టలేదు. పళ్ళ ఆఫీసరు కనిపెట్టాడు.

"నవ్వు చాలా బాగుంది. అందుకే అనుమానమొచ్చింది" అన్నాడు. "మా ఆఫీసుకొచ్చే ఫోటోల్లో ఇంత హాయిగా ఎవరూ నవ్వరు."

కాళ్ళావేళ్ళా పడ్డాను. తప్పు నాదేనని, డాక్టరమ్మకి ఏమీ తెలియదని రాసిచ్చాను. "సరే, ఫైలు పరిశీలనలో ఉంచుతాను. మంత్రిగారొక మాట చెబితే చాలు, చకచకా అయిపోతుంది" అని దారి చూపించాడు.

ప్రజల గోడు వినడానికి మంత్రిగారు వారానికోసారి దర్శనమిస్తారు. మా అమ్మాయి చిట్టిని చంకనేసుకుని మూడు గంటలు వరసలో నిలబడింది. కెమెరాతో నేనూ పక్కనే ఉన్నాను. అంతా ఓపిగ్గా విన్నాక ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"తల్లీ, నీ బాధ నాకర్థమైంది. కానీ ఒక్కరి కోసం రూలు సడలిస్తే రేపు ఆ దేశాలన్నీ మనల్ని చూసి నవ్వవూ?"

"నవ్వాలనే కదండీ తమరి రూలు?" అంది మా అమ్మాయి. చిన్నప్పట్నుంచీ దాని నోటికి తాళం లేదు.

మంత్రిగారు ఆ మాట విననట్టే చిట్టి బుగ్గ గిల్లారు. "నీ పేరేంటి బంగారం? చెప్పవూ? అబ్బో, బిడియం!"

"దానికి వినపడదండీ. ఇందాకట్నుంచీ అదే మొత్తుకుంటున్నాను."

"ఓహో! మంచిదే తల్లీ. ఈ రోజుల్లో మంచిమాట వినపడితే కదా" అని నిట్టూర్చి, చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కెమెరా వైపు చూశారు. కెమెరా నొక్కక తప్పలేదు నాకు. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు పేపర్లన్నీ 'చిన్నారితో మంత్రి ముచ్చట్లు' అని వేసుకున్నాయి.

డాక్టరమ్మ రావలసింది సోమవారం. దాని ముందు గురువారం పొద్దున్నే నేను షట్టర్ సగం ఎత్తానో లేదో, మంత్రిగారి పీఏ వంగి లోపలికి దూరాడు. వెనకాలే మంత్రిగారూ వంగారు. ఆయన అంతగా వంగడం ఎన్నికలప్పుడు తప్ప నేను చూడలేదు.

"సార్‌కి అర్జంటుగా ఫోటోలు కావాలి. దరఖాస్తూ నింపాలి. సంగతి ఈ గది దాటకూడదు" అన్నాడు పీఏ.

"ఏ దేశానికి సార్?"

"దేశం సంగతి నీకెందుకు? సైజు రాసుకో. నలభై ఏడు, అరవై మూడు. వెనక లేతనీలం."

"పొరపాటు పడుతున్నారు సార్. అది మన దేశానికొచ్చే విదేశీయుల సైజు."

"ఆ సైజు పెట్టిందెవరో నీకు చెప్పాలా? కానియ్."

మంత్రిగారు స్టూలు మీద కూర్చున్నారు. నవ్వమని చెప్పే పని లేకుండానే నవ్వారు. పద్నాలుగు పళ్ళ దాకా లెక్కపెట్టి వదిలేశాను. తర్వాత పీఏ చెబుతుంటే దరఖాస్తు నింపడం మొదలుపెట్టాను.

"ఆహ్వానించేవారు?"

"మంత్రిగారు."

"వస్తున్న అతిథి?"

"మంత్రిగారు."

"ఇద్దరికీ గల పరిచయం?"

పీఏ మంత్రిగారి వైపోసారి చూశాడు. "చిన్నప్పట్నుంచీ అని రాయి."

"అతిథిది ఏ దేశం?"

పీఏ గొంతు తగ్గించి చెప్పాడు. మంత్రిగారిని నాలుగు గంటలు నిలబెట్టిన ఆ గొప్ప దేశం పేరే చెప్పాడు. నేను మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే చెప్పాడు. ఆ దేశం మంత్రిగారికిచ్చిన కొత్త పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు. ఇంకా ప్రింటు వాసన కూడా పోలేదు.

నలభై ఒకటో ప్రశ్న దగ్గర పీఏ తడబడ్డాడు. 'మీరు పని ముగియగానే స్వదేశానికి వెళ్ళిపోతారనడానికి ఆధారమేమిటి?' అన్న ప్రశ్న అది. దానికి మంత్రిగారే స్వయంగా జవాబిచ్చారు.

"ఇల్లు అక్కడ, మా ఆవిడ అక్కడ, పిల్లలు అక్కడ. ఇక్కడ నాకు ఈ మంత్రి పదవి తప్ప ఏముందయ్యా? అదెప్పుడు ఊడితే అప్పుడు వెళ్ళిపోతాను."

ఉన్నదున్నట్టు రాశాను. ఫైలు పట్టుకుని రోడ్డు దాటాను. పళ్ళ ఆఫీసరు ఫోటో చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. భూతద్దం ముట్టుకోలేదు. నిలబడే అన్ని పేజీలూ తిప్పి, ఎక్కడా ఆగకుండా, 'మా దేశానికి స్వాగతం' అన్న ముద్ర గట్టిగా కొట్టాడు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టింది.

ఆయన మంచి హుషారులో ఉన్నాడు కదా అని ధైర్యం చేశాను. "సార్, మా డాక్టరమ్మ ఫైలు..."

"నిన్న సాయంత్రమే తిరస్కరించాం."

"సోమవారం నుంచి ఆపరేషన్లు సార్. పిల్లకి అయిదు నిండిపోతున్నాయి. ఇంక దానికి మాట రాదు సార్. దయచేసి ఒక్కసారి..."

పళ్ళ ఆఫీసరు మంత్రిగారి ఫైలు మీది సిరా ఆరేదాకా మెల్లగా ఊది, నా వైపు జాలిగా చూశాడు.

"నా చేతిలో ఏముందయ్యా?" అన్నాడు. "ఆవిడ విదేశీయురాలు కదా!"