క్రాల్ దొరగారి పన్నెండేళ్లు

మనిషి పుట్టేది ఒకసారే అయినా, సన్మానం జరిగే ప్రతి ఊళ్లోనూ అతని జీవిత చరిత్ర కొత్తగా పుట్టాలన్నది చిత్తూరు స్వాగత సంఘం వారి స్థిరమైన సిద్ధాంతం. 1949లో ఎర్విన్ క్రాల్ అనే జర్మన్ కంపెనీ డైరెక్టరు వేరుశనగ నూనె యంత్రాలు అమ్మడానికి వస్తున్నాడని తెలియగానే, ఆ చరిత్ర రాసే భారం కచ్చేరీ హెడ్ గుమాస్తా సుబ్రమణ్యం మీద పడింది. (దస్త్రంలో లేనిది లోకంలోనూ లేదని నమ్మేవాడు కనుక ఆ పనికి ఆయనే తగినవాడు.)

దొర స్వస్థలం లిండెన్‌బాక్. తండ్రి అక్కడ బీరు కాచేవాడు. జిల్లాలో మద్యనిషేధం అమల్లో ఉంది కాబట్టి, సన్మాన పత్రంలో అది 'ధాన్యాన్ని ద్రవరూపంలో ప్రజలకు అందించే సేవ' అయింది. ఊరి పక్క ఏరు పుణ్యనది అయింది. దొర 1921లో గొట్టాల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, 1932లో మేనేజరయ్యాడు. అంతవరకూ కలం సాఫీగా నడిచింది.

సభలో దుబాసీగా ఉండాల్సిన మిషన్ స్కూలు అయ్యవారు రాజారత్నం అడ్డం పడ్డాడు.

"ముప్పైమూడు నుంచి నలభైఅయిదు దాకా ఏమీ లేదే అప్పా? పన్నెండేండ్లు ఈయప్ప ఏం జేసినాడు?"

"గొట్టాలే అయ్యోరా. కాకపోతే ఒకపక్క మూసిన గొట్టాలు."

"వాటిని ఫిరంగులంటారు."

"కంపెనీవోళ్లు గొట్టాలనే రాసినారు. మనకెందుకబ్బా?" అని సుబ్రమణ్యం ఆ పన్నెండేళ్లకూ కలిపి 'అవిశ్రాంత కృషి' అని రెండు మాటలు రాసి ముద్ర వేశాడు.

అదంతా బల్ల ముందు నిలబడిన సంతోషమ్మ విన్నది. ఆమె భర్త జయరావు సిపాయిగా వెళ్లి 1944లో ఇటలీలో చనిపోయాడు. అలాంటి కుటుంబాలకిచ్చే రెండెకరాల మెట్ట కోసం ఆమె వడమాలపేట నుంచి మూడేళ్లుగా తిరుగుతోంది. చివరి జాబుకూ చావుకూ మధ్య నలభై రోజులు జయరావు ఎక్కడున్నాడో కాగితాల్లో లేదు. అది తేలితేగాని అర్జీ కదలదు.

"యుద్ధంలో ఉండినాడు సామీ, ఇంక యాడుంటాడు?" అన్నది.

"అది నీ మాటమ్మా. కాగితం యాడుండాది?"

"దొర పన్నెండేండ్లకి మీరే రాసిస్తిరే. మా ఇంటాయన నలభై దినాలకీ రెండు మాటలు రాయండి."

సుబ్రమణ్యం నొచ్చుకున్నాడు. "ఆయన బతికుండాడు, చెప్పినాడు. మీ ఆయనా వచ్చి చెప్తే నేనేమన్నా రాయనంటినా?"

మర్నాటి సభలో దొర మెడలో ఆరో మల్లెదండ పడుతుండగా సంతోషమ్మ జనాన్ని తోసుకుని వేదిక ముందుకొచ్చింది.

"దొరా, మా ఇంటాయన పోయింది మీ ఫిరంగుల ముందరే. ఆ నలభై దినాలూ యాడుండినాడో ఈళ్లకి తెలీదంట. గురిపెట్టినోళ్లు మీరు, మీకన్నా తెలిసుంటాది. ఒక కాగితం రాసియ్యండి."

వెనక కుర్చీలో తాసీల్దారు దగ్గాడు. రాజారత్నానికి స్కూలు గ్రాంటు గుర్తొచ్చింది. తలెత్తకుండా, "మీరు నూరేళ్లు చల్లగా ఉండాలని ఈమె ప్రార్థిస్తోంది" అని ఇంగ్లీషులో చెప్పాడు.

దొర కళ్లు చెమర్చాయి. మెడలో దండ తీసి ఆమె చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

"కాగితం ఎప్పుడిస్తాడంట అయ్యోరా?" అని సంతోషమ్మ ఆశగా అడిగింది.

కాగితం పదిహేనో రోజున వచ్చింది, కచ్చేరీ నుంచి. 'అర్జీదారు జర్మన్ దొరగారిని బహిరంగ సభలో దీవించినట్టు విచారణలో తేలినందున, యుద్ధం వల్ల ఆమెకు నష్టం కలిగినదన్న మాట నమ్మదగినదిగా లేదు. అర్జీ కొట్టివేయడమైనది. దండ ప్రభుత్వానికి తిరిగి ఇవ్వనక్కరలేదు.'