చావు మాటెత్తని ప్రశ్నాపత్రం

"ఇకమీదట మన ఊళ్లో ఏ పెద్దవారూ ఆఖరి కోరిక చెప్పుకోకుండా కన్నుమూయరు!" అని కజమినె పురపాలక కార్యాలయం మెట్ల మీద నిలబడి సెక్షన్ చీఫ్ కురమొచి గారు ప్రకటించారు. ఎంత గొప్ప మనసో చూడండి.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ముల్లంగి ఊరగాయలమ్మే తొకుయె ముసలమ్మ. ఆవిడ మొగుడు పోయేముందు పొట్టలో తిండి పోసే గొట్టంతో, నోట మాట లేక, ఏళ్ల తరబడి ఇంటికప్పు చూస్తూ పడుకున్నాడు. తనకా గొట్టం వద్దు. ఆవిడ కోరికల్లా అదొక్కటే. కొడుకు షిగెకితో ఆ సంగతెత్తితే "అన్నం తినేటప్పుడు అవేం మాటలమ్మా" అంటాడు. తినడమయ్యాక టీవీ చూస్తాడు.

పెద్దల ఆఖరి కోరికలు అడిగే ఆ ప్రశ్నాపత్రం అమెరికాది. దాన్ని జపాను మనుషులకి తగ్గట్టు మలచడానికి కమిటీ వేశారు. మలిచింది అర్థమవుతోందో లేదో చదివి చెప్పమని తొకుయెని పిలిచారు.

"మీరు చనిపోయే స్థితిలో ఉంటే ఏ వైద్యం వద్దనుకుంటారు?" అని చదివారు కురమొచి గారు.

"గొట్టం!"

"అయ్యయ్యో, జవాబు అడగలేదండీ. ప్రశ్న మీ మనసు నొప్పించిందా అని అడుగుతున్నాం."

"లేదు నాయనా. గొట్టం వద్దని రాసుకో."

"నొప్పించినా పైకి చెప్పట్లేదు. ఏం సంస్కారం!" అని చీఫ్ గారు కళ్లు తుడుచుకున్నారు. 'చనిపోయే' అన్న మాట కొట్టేశారు.

రెండోసారి పిలిచేసరికి "ఒకవేళ ఎప్పుడైనా ఏదైనా అయితే" అని ఉంది.

"ఏదైనా అంటే? చావా?"

"ఆ మాట మీరన్నారు తొకుయె గారూ. కమిటీ అనలేదు."

'వద్దు' అంటే డాక్టరు గారి మొహం మీద అన్నట్టుంటుందని అదీ తీసేశారు. బదులుగా అయిదు గడులిచ్చారు, 'బొత్తిగా కాదు' నుంచి 'తప్పకుండా' వరకు. ఆ చివరా ఈ చివరా గీత పెడితే పెత్తనం చేసినట్టుంటుంది కదా! పెద్దలందరూ నడి గడిలోనే టిక్కు పెట్టారు. తొకుయె ఒక్కతే కొస గడిలో కాగితం చిరిగేలా పెట్టింది. చిరిగిన కాగితం లెక్కలోకి రాదు గనక ఊరంతా ఏకాభిప్రాయం అని రిపోర్టు వెళ్లింది.

చివరికి ప్రశ్న ఇలా కుదిరింది: "ఈ మధ్య చలి ఎక్కువగా ఉంది. తమరు కులాసాయేనా?"

పద్ధతి ప్రకారం దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి, సరిచూడమని అమెరికాలో అసలు రాసినవాళ్లకి పంపారు. "చాలా బాగుంది. ఇంతకీ ఇది దేని గురించి?" అని జవాబొచ్చింది. మొదటి వాక్యాన్ని చీఫ్ గారు ఫ్రేము కట్టించారు. పైనించి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఆ చలికాలమే తొకుయెకి మింగుడు పడక, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరితే ఆస్పత్రిలో పెట్టారు. ఆవిడ మంచం మీద దిండుకి ఆనుకుని మెలకువగానే ఉంది. అందుకని డాక్టరు గారు షిగెకిని వరండాలోకి పిలిచారు. పళ్లబుట్టతో వచ్చిన కురమొచి గారూ అక్కడే నిలబడ్డారు.

"పొట్టకి గొట్టం వెయ్యాలేమో. అమ్మగారి ఉద్దేశం ఏమిటో?"

"మాకేం తెలుసండీ, తమరెలాగంటే అలాగే," అన్నాడు షిగెకి.

"లేదు లేదు, కుటుంబం ఎలాగంటే అలాగే."

"ఆవిడ మా సర్వేలో ఉన్నారు," అన్నారు చీఫ్ గారు గర్వంగా. "కులాసాగా ఉన్నానని చెప్పారు."

"ఒరే షిగెకీ, వద్దురా! గొట్టం వద్దు!" లోపల్నించి కేక.

ముగ్గురూ తలలు దించుకున్నారు.

"విన్నారా, గొంతులో ఎంత సత్తువో!" అన్నారు కురమొచి గారు. "ఇంత ఓపికగా ఉన్న మనిషిని ఇప్పుడే ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదు."

నిజమేనని డాక్టరు గారు తలూపారు. తమ మాటలు చెవిన పడి అమ్మ ఎక్కడ నొచ్చుకుంటుందోనని, షిగెకి చప్పుడు కాకుండా తలుపు జరిపి మూసేశాడు.