నన్నే సాహెబ్ సర్దిన డబ్బాలు

ఆ మంగళవారం పొద్దున నన్నే సాహెబ్ అనుకున్నది చిన్న పనే. ఆరోగ్య కేంద్రంలో డబ్బాలు అప్పజెప్పి, ఎండ ముదరకముందే కల్లానికి వెళ్లి మిర్చి తిరగేయాలి. ఆ డబ్బాల్లో ఉన్నది ముందురోజు పొద్దుటి నుంచి ఆయన పట్టిన మూత్రం. వినుకొండ దగ్గరి ఆ ఊళ్లో జనం ఉప్పెంత తింటున్నారో, బీపీలు అందుకే పెరుగుతున్నాయో ఏమో తేల్చడానికి డాక్టర్ అన్విత పరిశోధన మొదలుపెట్టింది. నన్నే సాహెబ్ వీధిలో ఏడుగురిని ఒక రోజంతా పట్టి తెమ్మంది.

అన్విత అడిగితే నన్నే సాహెబ్ కాదనలేడు. పోయినేడు ఆయన భార్య షాజాదీ కల్లంలో కళ్లు తిరిగి పడిపోతే, బీపీ అని కనిపెట్టి మనిషిని నిలబెట్టింది ఆ డాక్టరమ్మే. ఆ మేలు తలచుకోని రోజు లేదాయనకు.

కేంద్రం వరండాలో పక్కింటి వెంకాయమ్మ డబ్బా ముందు పెట్టుకుని దిగాలుగా కూర్చుంది.

"సగం కూడా రాలేదు సాయిబన్నా. ఎండలో పని, అంతా చెమటకే పోయింది. తక్కువైతే ఇక్కడి బీపీ మిషను ఒంగోలు పెద్దాసుపత్రోళ్లు పట్టుకుపోతారంటగా!"

"ఎవరన్నారమ్మా?"

"మన వీధి బుల్లయ్య చెప్పాడు. మన ఊరోళ్లు సహకరించలేదని రాసేస్తారంట."

నన్నే సాహెబ్‌కి భార్య బీపీ గుర్తొచ్చింది. మిషను పోతే షాజాదీ గతేమిటి? వరండాలో పెట్టిన మిగతా ఐదుగురి డబ్బాలూ తొంగిచూశాడు. అన్నీ సగం సగమే. తనవి మాత్రం రెండు నిండుగా ఉన్నాయి. కల్లాల్లో ఒకరి మిర్చి బస్తా వెలితిపడితే పక్కవాళ్లు తమ రాశిలోంచి నాలుగు దోసిళ్లు పోసి సర్దుతారు. అడగడం, మొహమాటపడటం ఉండవు. ఆయన అలాగే సర్దాడు. వంచి వంచి పోశాక ఏడుగురి డబ్బాలూ సమానంగా తేలాయి.

"నీ చెయ్యి పెద్దదన్నా" అని వెంకాయమ్మ కళ్లొత్తుకుంది.

పదింటికి ల్యాబ్ మరియదాసు ఉప్పు లెక్కకి ముందు ఒక్కో డబ్బాలో షుగరు చూసే పరీక్ష కాగితం ముంచి, ఒక్కోసారీ కాస్త తెల్లబోయాడు.

"మేడమ్! ఏడుగురికీ షుగరే!"

అన్విత కంగారుగా ఒంగోలుకి ఫోన్ చేసింది. ఆ ఫోన్ ఇంకా పెట్టేయకముందే వీధి వీధంతా గగ్గోలు. వెంకాయమ్మ ఇంట్లో లడ్డూలన్నీ పంచిపెట్టేసింది. బుల్లయ్య తప్పంతా బోరు నీళ్లదని తేల్చి, పంపు పిడి ఊడదీసుకుని ఇంట్లో దాచాడు. నీళ్లు లేక ఆడవాళ్లు బిందెలతో వచ్చి ఆరోగ్య కేంద్రాన్ని చుట్టుముట్టారు. మధ్యాహ్నానికి ఒంగోలు నుంచి పెద్ద డాక్టరు రామకాంత్ జీపు దిగాడు.

అందరికీ వేలు పొడిచి రక్తం చూడాలన్నారు. నన్నే సాహెబ్ ఒక్కొక్కరికీ ధైర్యం చెప్పి, చెయ్యి పట్టుకు తీసుకొచ్చి, తన వంతు వెనక్కి నెట్టుకుంటూ పోయాడు. ఆరుగురి రక్తంలోనూ చక్కెర మామూలుగానే ఉంది.

"రక్తంలో లేనిది మూత్రంలోకి ఎలా వచ్చింది?" అన్నాడు రామకాంత్.

"పైన పోసిందంతా సాయిబన్నదేనండీ" అంది వెంకాయమ్మ, దాచేదేముందన్నట్టు.

అన్విత ఒక్క అంగలో వచ్చి నన్నే సాహెబ్ వేలు అందుకుంది. షుగరు మిషను నాలుగు వందల పన్నెండు చూపించింది.

"దాహం ఎక్కువగా ఉంటోందా సాహెబ్ గారూ?"

"మిర్చి కల్లంలో పనమ్మా, దాహం వెయ్యక ఏం చేస్తుంది?" అన్నాడాయన. ఆ వెంటనే సంగతి అర్థమై నెత్తి కొట్టుకున్నాడు. "నీ పని పాడుచేశాను తల్లీ."

"పనిదేముంది, మళ్లీ చేసుకుంటాం. ఇంకొన్నాళ్లు తెలియకపోతే మీ కిడ్నీలు పోయేవి!"

"బీపీ మిషను మాత్రం తీసుకెళ్లకండయ్యా" అని రామకాంత్‌కి దణ్ణం పెట్టాడు నన్నే సాహెబ్.

"ఎవరు తీసుకెళ్తామన్నారు?"

అందరూ బుల్లయ్య కోసం వెతికారు. అప్పటికే అతను పంపు పిడి బిగించే పనిమీద వెళ్లిపోయాడు. కబురు విని పరుగెత్తుకొచ్చిన షాజాదీ ఏడుస్తూనే నవ్వి, అన్విత రెండు చేతులూ కళ్లకద్దుకుంది. "మా ఇద్దర్నీ నువ్వే దక్కించావు తల్లీ, నీ మేలు మరిచిపోలేం."

మరుసటి మంగళవారం కొత్త డబ్బాలొచ్చాయి. వాటికి కాపలా నన్నే సాహెబే, కాకపోతే మూడు గజాల దూరం నుంచి.